మా మేడ మీంచి కనిపించినవి మాత్రమే

మా పక్క క్వార్టర్ పిన్ని పోయింది. ఈ ఏడు దసరా వెళ్ళిన వారానికి, పొద్దున్న తొమ్మిదింటికి వాళ్ళబ్బాయి ఫోన్ చేసి, "వదినా, అమ్మ చలీ గయీ" అన్నాడు. నేను స్కూల్లో హాజరు వేస్తున్నాను. నలభై మంది పిల్లల ముందు హాజరు పట్టీ మూసేశాను. మిగతా పేర్లు పిలవలేదు.

సాయంత్రానికి మా సెక్టర్ వాట్సాప్ గ్రూపులో ఎవరో 'ఆకాశంలో గద్దలను చూస్తూ ప్రశాంతంగా కన్నుమూశారు' అని రాశారు. దాని కింద ముప్పై దండాలు. అది శుద్ధ అబద్ధం. ఆవిడ న్యుమోనియాతో ఆసుపత్రి మంచం మీద పోయింది. ఉప్పు లేని ఉప్మా పెట్టినందుకు నర్సుని తిట్టి మరీ పోయింది. ప్రశాంతంగా ఆవిడ ఏ పనీ చేయలేదు, చావుతో సహా.

పరామర్శకి వచ్చినవాళ్ళు ఇంకో మాట అన్నారు. "పాపం, గద్దల్ని లెక్కపెట్టుకుంటూ కాలక్షేపం చేసేది" అని. నాకు ఒళ్ళు మండింది. ఇది రాయడానికి ఆ మంటే కారణం. కాలక్షేపం అంటే పేకాట. కాలక్షేపం అంటే టీవీ సీరియల్. ఇరవై రెండేళ్ళు, వానలు తగ్గిన దగ్గర్నుంచి చలి ముదిరేదాకా, రోజూ మెడ పట్టేసేలా పైకి చూసి, చూసింది చూసినట్టు రాసిపెట్టడాన్ని కాలక్షేపం అంటే నేను ఒప్పుకోను. చదివాక మీరు కూడా ఒప్పుకోరనే అనుకుంటున్నాను. ఒప్పుకుంటే మీ ఇష్టం.

పిన్ని శ్రీకాకుళం అవతల ఒక పల్లె నుంచి పెళ్ళయి భిలాయి సెక్టర్ 2కి వచ్చింది. ఆవిడ భర్త, నేను మావయ్యగారు అనేదాన్ని, ఉక్కు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల మీద పనిచేసేవారు. ఆవిడ చదువు మూడో తరగతి. హిందీ కూరగాయల బండి దగ్గర నేర్చుకుంది, అందుకని ఎంత పెద్ద ఆఫీసరునైనా 'తుమ్' అని, అంటే నువ్వనే, పిలిచేది. నేను రాయపూర్‌లో పుట్టిన తెలుగుపిల్లని. పక్క క్వార్టర్‌కి కోడలిగా వచ్చేనాటికి నాకు తెలుగు మాట్లాడటం సగం వచ్చు, రాయడం బొత్తిగా రాదు. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే అది ఆవిడ చలవే.

గద్దల దగ్గరికి ఆవిడ వడియాల మీదుగా వచ్చింది. దసరా ఎండ కాయగానే మా బ్లాకులో అందరిళ్ళకీ బూడిదగుమ్మడి వడియాలు ఆవిడే పెట్టేది. మేడ మీద పాత పంచె పరిచి, వరసలుగా పెట్టి, నీళ్ళ ట్యాంకు నీడలో కర్ర పట్టుకుని కూర్చునేది. "కాకికి కర్ర సాలు, గద్దకి కన్నుండాల" అనేది. అలా ఏళ్ళ తరబడి కాపలా కాయగా, ఒక ఏడు ఆవిడకి ఒక సంగతి తట్టింది. కొన్ని గద్దలు అసలు వడియాల వైపే చూడటం లేదు. ప్లాంటు మీద గుండ్రంగా తిరుగుతూ చుక్కంతయ్యేదాకా పైకి లేచి, అక్కణ్ణుంచి రెక్క ఆడించకుండా దక్షిణానికి జారిపోతున్నాయి. సాయంత్రం తిరిగి రావడం లేదు.

అవి ఉత్తరాన చలికి తాళలేక ఏటా శరత్కాలంలో వలసపోయే గద్దలనీ, డేగలనీ ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఎక్కణ్ణుంచో వచ్చి ఎక్కడికో పోతున్నాయని మాత్రం తెలిసింది. పోయేవాటిని ఎవరో ఒకరు లెక్కపెట్టాలని ఆవిడకి ఎందుకు అనిపించిందో నేను చాలాసార్లు అడిగాను. "మనింటి మీంచి ఎల్తన్నాయి, ఎన్నెల్లినాయో తెలీకపోతే ఎలాగ?" అనేది. ఇంతకన్నా పెద్ద కారణం ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

నేను కాపురానికి వచ్చిన రెండో వారం బట్టలు ఆరేయడానికి మేడెక్కితే, పేరైనా అడక్కుండా, "ఏటే అమ్మీ, కళ్ళు బాగున్నాయేటి నీకు?" అంది. బాగున్నాయన్నాను. కర్ర నా చేతికిచ్చి అన్నం వార్చడానికి దిగిపోయింది. అరగంటకి వచ్చి ఎన్ని వెళ్ళాయని అడిగింది. ఐదో ఆరో అన్నాను. అప్పుడు పడ్డాయి చూడండి చివాట్లు. ఐదో ఆరో అనేది పెళ్ళిలో విస్తళ్ళ మాటట. ఐదు చూస్తే ఐదనాలి, ఆరోది అనుమానమైతే ఆరోది లేదు. కొత్తకోడల్ని, ఏడుపొచ్చింది. మర్నాడు మళ్ళీ ఎక్కాను. ఎందుకెక్కానంటే పంతం, అంతే.

ఆవిడ దగ్గర పక్షుల పుస్తకం లేదు, దుర్భిణీ చాలాకాలం లేదు. తోక చీలి ఉంటే మన ఊరి గద్ద. రెక్కలు రెండూ దండం పెట్టినట్టు పైకెత్తి, ఊగుతూ పోతే పిల్లిగద్ద. పీట పరిచినట్టు బల్లపరుపుగా పోతూ, రెక్కల చివర వేళ్ళు విడివిడిగా కనిపిస్తే పెద్ద గద్ద. కాకి కంటే చిన్నవై గుంపులుగా పోతే డేగలు. "రెక్కాడిస్తే మనూరిది, ఆడించకపోతే పైవూరిది" అని ఒక సూత్రం చెప్పి, వెంటనే "అన్నిమాట్లూ కాదనుకో" అనేది. పదికి ఒక చింతపిక్క చొప్పున ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలో వేసేది. సాయంత్రం పిక్కలు లెక్కచూసి రిజిస్టరులో రాసేది.

రిజిస్టరు పద్ధతి మాత్రం మావయ్యగారిది. కోక్ ఓవెన్లలో షిఫ్టు మారేటప్పుడు దిగేవాడు ఎక్కేవాడికి అన్నీ నోటితో చెప్పి అప్పజెప్పాలట. పిన్ని మేడ మీద అదే పెట్టింది. ఆవిడ దిగేముందు ఆఖరి గద్దని వేలితో చూపించి, "అది నాది, నువ్వెట్టకు" అనేది. అది దాటిపోయేదాకా నేను లెక్క మొదలుపెట్టకూడదు. సడక్ మీద పోయేవాళ్ళు తలెత్తి చూసి నవ్వేవాళ్ళు. 'చీల్‌వాలీ అమ్మ', అంటే గద్దలమ్మ అని పేరు పెట్టారు. ఆవిడ కొడుకుని బడిలో 'చీల్‌వాలీ కా బేటా' అని ఏడిపించేవారు. అందుకే ఆ అబ్బాయి మేడ ఎక్కడం మానేశాడు. దానికి ఆవిడ బాధపడింది, లెక్క మానలేదు.

కొన్నాళ్ళకి ఆఫీసర్ల కాలనీలో ఉండే ఒక రిటైరైన ఇంజనీరుగారు, పక్షుల సంఘం నడిపే ఆయన, ఈ సంగతి తెలిసి మెట్లెక్కి వచ్చారు. మంచి మనిషి. తన పాత దుర్భిణీ ఇచ్చారు. ఏటా రిజిస్టరు చూసి లెక్క రాసుకుని వెళ్ళేవారు. ఎవరో పెద్దాయన వచ్చి తన లెక్క రాసుకుంటుంటే పిన్ని కళ్ళు మెరిసేవి. ఆయనకి ఇచ్చే కాఫీ మా ఇంట్లోంచి తెప్పించేది, పాలు చిక్కనని.

మావయ్యగారు పోయిన కొన్నేళ్ళకి ఒక శరత్తులో లెక్క ఒక్కసారిగా పడిపోయింది. అంతకుముందు రోజుకి అయిదారు పిక్కలు పడే డబ్బాలో ఒక పిక్క పడటం కష్టమైంది. ఇంజనీరుగారు రెండుసార్లు వచ్చి చూశారు. వలస గద్దలు తగ్గిపోతున్నాయని తన సంఘం పత్రికలో రాశారు. పిన్ని కొడుకుతో మాత్రం విడిగా, మీ అమ్మగారికి చూపు తగ్గినట్టుంది, ఓసారి డాక్టరుకి చూపించమన్నారు. శుక్లమే ఉంది. ఒక కంటికి ఆపరేషన్ చేయించారు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఎక్కినా లెక్క పెరగలేదు. "ఇక చాల్లే అమ్మా" అన్నాడు కొడుకు. మా ఇంట్లోవాళ్ళూ అన్నారు. నేనూ మనసులో అనుకున్నాను. అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆవిడ మర్నాడూ మేడ ఎక్కింది. వడియాలు ఎండాక పంచె దులపడానికి నన్ను రెండో కొస పట్టుకోమంది. దులిపి, మళ్ళీ పరిచి, దాని మీద అరచెయ్యి రాసి చూసుకుంది.

"గుడ్డ తెల్లగా ఉందేటే?" అంది.

మా సెక్టర్లో మేడ మీద ఏది పరిచినా సాయంత్రానికి సన్నటి నల్లపొడి పడుతుంది. ఎన్నేళ్ళుగానో ఆ పొడి దులపడం ఆవిడకి అలవాటు. ఆ ఏడు పొడి లేదు. ఆవిడ వెంటనే కిందికి దిగి, మావయ్యగారి పాత జోడీదారు ఇంటికి నడిచి వెళ్ళి, సంగతి కనుక్కుని వచ్చింది. మా వైపున్న ఓవెన్ల వరస, బ్యాటరీ అంటారు దాన్ని, పెద్ద రిపేరు కోసం వానాకాలంలోనే ఆపేశారట. ఆ బ్యాటరీ పైన పనిచేసే రోజుల్లో అరికాళ్ళు కాలకుండా మావయ్యగారు బూట్ల కింద చెక్కలు కట్టుకునేవారని ఆవిడకి తెలుసు. అంత వేడి గాలి రోజంతా పైకి లేస్తుంటే గద్దలకి అదొక మెట్ల దారి. రెక్క కష్టపెట్టకుండా పైకెళ్ళొచ్చు. వేడి ఆగితే అవి ఇక్కడికెందుకు వస్తాయి? "తగ్గిపోనేదే అమ్మీ. దారి మార్సుకున్నాయి. నా కళ్ళకేటీ అవనేదు" అంది.

చెప్పడం తేలిక, చూపించాలి కదా. నా స్కూటీ వెనక కూర్చుని మూడు రోజులు తిప్పింది. మొదటి రోజు ఒక చెరువుగట్టు మీద కూర్చున్నాం, కొంగలు తప్ప ఏమీ లేవు. రెండో రోజు పొలాల్లో నిలబడితే నాకు ఎండదెబ్బ తగిలింది. మూడో రోజు భిలాయి-3 స్టేషన్ వంతెన మీదికి తీసుకెళ్ళమంది. పక్కనే గూడ్సు యార్డు, కనుచూపు మేర కంకరా పట్టాలూ, చెట్టన్నది లేదు. పదకొండయ్యేసరికి కంకర వేడెక్కి గాలి మరుగుతోంది. అప్పుడొచ్చాయి. ఒకటి, మూడు, తర్వాత ఒక్కసారే గుంపు. యార్డు మీద తిరుగుతూ తిరుగుతూ పైకి లేచి దక్షిణానికి జారుతున్నాయి. వంతెన మధ్యలో నిలబడి దారికి అడ్డమైతే రైల్వే పోలీసు వచ్చి ఏం చేస్తున్నావమ్మా అని గద్దించాడు. "చీల్ గిన్‌తా హై. తుమ్ భీ దేఖో" అంది, గద్దల్ని లెక్కపెడుతున్నాను, నువ్వూ చూడు అని. అతను తలెత్తి చూశాడు. పావుగంట అక్కడే నిలబడ్డాడు, టోపీ తీసి చేత్తో పట్టుకుని.

డబ్బాలో తొమ్మిది పిక్కలు పడ్డాయి. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. తిన్నగా ఇంజనీరుగారింటికి పోయి, ఎవరికండీ చూపు తగ్గింది అని అడుగుదామని దారి పొడుగునా వాగుతూనే ఉన్నాను. క్వార్టర్ దగ్గర దిగాక ఆవిడ మెట్ల మీదే కూర్చుండిపోయింది.

"అమ్మీ, మరి ముందేళ్ళయేటి?" అంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. బ్యాటరీ బాగా మండిన ఏళ్ళల్లో మనకి ఎక్కువ కనిపించాయి. అంటే అవి ఎక్కువ వచ్చినట్టు కాదు, మన మీద నుంచి ఎక్కువ వెళ్ళినట్టు. తక్కువ కనిపించిన ఏళ్ళూ అంతే. "ఇన్నాళ్ళూ నాను గద్దల్ని లెక్కెట్టినాననుకున్నాను. ప్లాంటు వేడిని లెక్కెట్టినానేమో."

రిజిస్టరు తెచ్చి, మొదటి పేజీలో ఖాళీగా ఉన్నచోట నన్ను రాయమంది. ఆవిడ చెప్పింది, నేను తెలుగులోనూ హిందీలోనూ రాశాను. 'ఇందులో ఉన్నది ఆకాశంలో పోయిన గద్దల లెక్క కాదు. మా మేడ మీంచి కనిపించినవి మాత్రమే. ప్లాంటు వేడిని బట్టి దారి మారి ఉండొచ్చు. అది నాకు ముందు తెలీలేదు. చూసి వాడుకోండి.' రాస్తూ రాస్తూ పోట్లాడాను. ఎవరడిగారు నిన్ను? గెలిచిన రోజున ఓడిపోయానని రాసుకుంటారా ఎవరైనా? దానికి ఆవిడ అన్నమాట నేను బతికున్నంతకాలం మర్చిపోను.

"తప్పు నాది. ఇంకోలొచ్చి దిద్దితే నానూరుకోను. నానే దిద్దుకుంటాను."

మర్నాడు ఆటో కట్టించుకుని ఇంజనీరుగారింటికి ఆవిడే వెళ్ళింది, నన్నూ తీసుకెళ్ళింది. ఆయన పేజీ చదివి కళ్ళజోడు తీశారు. చూపు గురించి అన్నమాటకి క్షమించమన్నారు. కానీ ఈ ముక్క రాస్తే ఇన్నేళ్ళ లెక్క విలువ పోతుందమ్మా అని నిజంగానే బాధపడ్డారు. "ఇలువ పోతే పోనీ బాబూ. లెక్కుంటాది" అని కాఫీ తాగకుండా వచ్చేసింది. ఆ తర్వాత నుంచి ప్రతి పేజీ పైనా 'మేడ' అనో 'వంతెన' అనో రాయడం మొదలుపెట్టింది. మేడ ఆవిడది, ఆదివారం వంతెన నాది.

ఇంత మనిషిని, పోయిన తొమ్మిదో రోజున, కాస్త అందంగా సర్దేయబోయారు. అందరూ మంచివాళ్ళే, అదే వచ్చిన చిక్కు. ఇంజనీరుగారు వచ్చి, పిన్ని పేరు మీద సంఘం తరఫున చిన్న పుస్తకం వేస్తామన్నారు. ఇరవై రెండేళ్ళ లెక్కా బొమ్మగీసి చూపిస్తారట. మొదటి పేజీ మాత్రం వద్దట. నివాళి పుస్తకంలో తప్పొప్పులెందుకమ్మా, పెద్దావిడ గౌరవం అన్నారు. అబ్బాయి తలూపాడు. చిన్నప్పుడంతా అమ్మ వల్ల నవ్వులపాలైనవాడు, ఇవాళ అదే అమ్మకి అచ్చులో గౌరవం దొరుకుతుంటే కాదనడానికి వాడికేం పట్టింది? వాణ్ణి నేను తప్పుపట్టను. కానీ రిజిస్టరు నా ఒళ్ళో ఉంది, నేను ఇవ్వలేదు.

"ఆ పేజీ లేకుండా ఇది గడప దాటదండీ" అన్నాను.

"పైగా అది మీ చేతిరాత కదమ్మా" అన్నారాయన, మెల్లగా. నిజమే. ఆవిడ చెప్పగా రాశానని సాక్ష్యం చెప్పడానికి ఆవిడ లేదు.

అప్పుడు అబ్బాయి చెయ్యి చాపి రిజిస్టరు అడిగాడు. పుట్టి బుద్ధెరిగి వాడు దాన్ని ముట్టుకోవడం అదే మొదలు. వాడికి తెలుగు చదవడం రాదు. పేజీలు తిప్పుకుంటూ ఆఖరిదాకా పోయి, అక్కడ ఆగి, "యహాఁ క్యా లిఖా హై, వదినా?" అని, ఇక్కడేం రాసుందో చెప్పమని నా వైపు తిప్పాడు. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఆవిడ రిజిస్టరు సంచిలో పెట్టించుకుందని తెలుసు. అక్కడ అందులో ఏమైనా రాసిందని నాకు తెలియదు. వణికిన అక్షరాలతో పేజీ పైన 'ఆస్పత్రి' అని ఉంది. కింద వరసగా నాలుగు తారీకులు. ప్రతి తారీకు పక్కనా ఒకటే మాట. సూడలేదు. సూడలేదు. సూడలేదు. సూడలేదు.

నేను చదివి హిందీలో చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"సున్నా వేసినా సరిపోయేదే" అన్నారు ఇంజనీరుగారు, తనలో తను అనుకుంటున్నట్టు.

"అమ్మ చూడలేదు కదా సార్" అన్నాడు అబ్బాయి. "చూడకుండా సున్నా అని ఎలా రాస్తుంది?" మళ్ళీ తనే, "మొదటి పేజీతోనే వేయండి. లేకపోతే పుస్తకం వద్దు" అన్నాడు.

చివరికి ఆయన, మొదటి పేజీ మొదటే వేద్దామన్నారు. ఆయన్ని గేటుదాకా దిగబెట్టి నేను తిరిగి వచ్చేసరికి అబ్బాయి ఇంకా ఆ పేజీనే చూస్తున్నాడు. నాలుగు వరసల కింద ఐదో తారీకు ఉంది. రేపటి తారీకు ముందురోజే వేసిపెట్టుకోవడం ఆవిడ అలవాటు. పక్కన ఏమీ లేదు. అది ఆవిడ పోయిన రోజు.

ఆ రోజు నువ్వేమైనా చూశావా అని అడిగాడు. లేదన్నాను. ఆ వారమంతా నేను మేడ ఎక్కలేదు. తనూ చూడలేదన్నాడు. జేబులోంచి పెన్ను తీసి, గోడకి ఆనించి రాస్తే సరిగ్గా పడటం లేదని నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, తారీకు పక్కన హిందీలో 'నహీఁ దేఖా', చూడలేదు అని రాశాడు. అమ్మ తెలుగు అక్షరాల కింద ఆ రెండు మాటలు. ఇంకు ఆరేదాకా పేజీ మూయకుండా చేత్తో పట్టుకునే కూర్చున్నాడు.